గుడిసె కాలిన తర్వాతి కథ

ఇళ్ళు కూల్చి మనుషులను తరిమేసిన కథ ఏ దేశానిదైనా మనవాళ్ళ మనసుకు ఇట్టే ఎక్కుతుంది. మాసన్ లేక్స్‌లో మేము నలుగురైదుగురం కూడి, ఈ శీతకాలమంతా స్కాట్లండ్ ఉత్తరాది కొండసీమల ఖాళీ చేయింపుల మీద వచ్చిన పుస్తకాలు చదివాము. చదువుతున్నంతసేపూ ఎవరో ఒకరు "అచ్చం మన తాతల సంగతే" అంటూనే వున్నారు. ఆ మాట ఎంతవరకు నిజమో చూద్దామనే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాము.

ముందు ఆ చరిత్ర తెలియని పాఠకుల కోసం కొంచెం. ఆ కొండసీమలలోనూ పడమటి దీవులలోనూ జనం భాష గేలిక్. నేల తమ వంశపెద్దది గనుక తమది కూడా అని తరతరాలుగా నమ్మినవాళ్ళు. జనం కట్టే శిస్తు కంటే గొర్రెల మేత మీద రాబడి ఎక్కువని తేలాక ఆ పెద్దలే పొమ్మన్నారు. సదర్లండ్‌లో 1807 నుంచి 1821 లోపల లోయలకు లోయలు ఖాళీ అయ్యాయి. 1814లో స్ట్రాత్‌నేవర్ లోయలో జరిగిన దహనాలకు ప్యాట్రిక్ సెల్లర్ అనే ఎస్టేటు ఉద్యోగిని 1816లో కోర్టుకెక్కించారు. నిర్దోషి అని వదిలేశారు. సౌత్ యుయిస్ట్, బారా దీవులవాళ్ళు గేలిక్‌నే కాదు, పాత కాథలిక్ మతాన్నీ వదలనివాళ్ళు. 1851లో వాళ్ళను వందలాదిగా కెనడా ఓడలెక్కించిన యజమాని జాన్ గోర్డన్‌కు అంతకుముందు టొబాగోలో చెరకు తోటలూ, బానిసలూ వుండేవారు. రాసే దీవిని ఖాళీ చేయించిన జార్జ్ రేనీ డెమెరారా చక్కెరలో సంపాదించినవాడు. ఆ డెమెరారాకే 1838 నుంచి మన దేశపు కూలీలు వెళ్ళారు. వాళ్ళ కాలిన గుడిసెలూ మన కూలీ లైన్లూ ఒకే చక్కెర చిట్టాలో వున్నాయన్నమాట.

ఇంకొక పేరు చెప్పి ముందుకు పోతాము. 1852 నుంచి 1857 వరకు ఆ కొండసీమల నుంచి దాదాపు అయిదువేల మందిని ఆస్ట్రేలియాకు పంపిన సంఘాన్ని నడిపిన పెద్ద సర్ చార్లెస్ ట్రెవెలియన్. ఐర్లండ్ కరువులో ఖజానా తలుపు దగ్గర కూర్చున్నదీ ఆయనే. 1859లో మద్రాసుకు గవర్నరుగా వచ్చి, మరుసటి ఏడే పదవి పోగొట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ 1860 అక్టోబరులోనే నేటాల్‌కు మొదటి గిర్మిట్ ఓడ 'ట్రూరో' మద్రాసు రేవు వదిలింది. ఆ ఓడను ఆయన నెత్తిన రుద్దడం మా వుద్దేశం కాదు. మనుషులను మిగులు సరుకుగా లెక్కగట్టే దొరతనం ఎన్ని సముద్రాల మీద పనిచేసిందో గుర్తు చేస్తున్నాము, అంతే.

ఇక పుస్తకాలు. జాన్ ప్రెబుల్ 1963లో రాసిన ఖాళీ చేయింపుల చరిత్ర మాలో అందరికీ నచ్చింది, అందరినీ ఏడిపించింది. మా అనుమానమూ అక్కడే మొదలైంది. దొర క్రూరుడు, రైతు అమాయకుడు. ఆ రైతు పక్కన మన తాతను నిలబెట్టుకుని చదివేస్తాము. చదువరికి ఇంత సుఖమిచ్చే దుఃఖాన్ని ఒకసారి తిరగేసి చూడాలి.

ఇయన్ క్రైటన్ స్మిత్ నవల 'కన్సిడర్ ది లిలీస్' 1968లో వచ్చింది. ఇల్లు వదలమని చెప్పించుకున్న ఒక ముసలమ్మ కథ. జీవితమంతా నమ్ముకున్న చర్చి ఆమెకు ఆసరా కాలేదు. దేవుణ్ణి నమ్మని ఒక రాతిపనివాడు అయ్యాడు. చరిత్ర వివరాలలో తప్పులున్నాయని పండితులు అన్నారు. మాకు పట్టింది వేరే సంగతి. రచయిత మాతృభాష గేలిక్, కథలోని ముసలమ్మ లోకమూ గేలిక్, నవల మాత్రం ఇంగ్లీషు. తరిమినవాడి భాషలోనే తరమబడినవాళ్ళ గోడు. దీన్ని మేము తప్పుగా ఎంచలేము. ఫీజీలో మన అవ్వలు తెలుగులో ఏడ్చి, లైన్లలో హిందీలో బతికారు. వాళ్ళ మనవలం ఇంగ్లీషులో అర్జీలు రాసుకుంటున్నాము. రాసే దీవివాడైన సోర్లీ మక్లీన్ తమ ఖాళీ వూరి మీద 'హల్లాయిగ్' కవితను 1954లో గేలిక్‌లోనే అచ్చు వేయించాడు. అటువంటి తెలుగు కవిత మన లైన్ల మీద ఒక్కటి చూపించమంటే మా దగ్గర జవాబు లేదు.

అన్నిటికంటే మమ్మల్ని నిద్రపోనివ్వనిది డాన్ వాట్సన్ 1984లో వెలువరించిన 'కాలెడోనియా ఆస్ట్రాలిస్'. ఇతరులు ఆపిన చోట ఈయన మొదలుపెడతాడు. స్కై దీవిలో పుట్టిన ఆంగస్ మక్‌మిలన్ 1838లో సిడ్నీ చేరాడు. విక్టోరియా తూర్పు భాగంలో పచ్చిక నేలలకు దారి తీసి, వాటికి తన దేశం పేరు పెట్టుకున్నాడు. ఆ పేరే పుస్తకం పేరు. నేడు ఆ ప్రాంతం గిప్స్‌లండ్. అది కుర్నాయ్ ప్రజల నేల. 1843లో రోనల్డ్ మకాలిస్టర్ అనే వలసదారుడు హతుడైతే, మక్‌మిలన్ ముఠా పగతో వారిగల్ క్రీక్ దగ్గర మూలవాసులను కాల్చి చంపింది. ఎంతమందినన్నది నేటికీ వాదమే. అరవై అన్నవాళ్ళూ, నూటయాభై అన్నవాళ్ళూ వున్నారు. 1927లో ఆ జిల్లాలో మక్‌మిలన్‌కు రాతి గుర్తులు లేపారు. గొర్రెల కోసం సొంత జనం నేల పోయిన దేశంవాడు, తన పశువుల కోసం ఇంకొక జనాన్ని నేలకు దూరం చేశాడు. వాట్సన్ గొప్పతనం ఈ రెండింటినీ ఒకే పుస్తకంలో పెట్టి, ఒకదానితో మరొకదాన్ని మాఫీ చేయకపోవడం. లోటు లేదనము: కుర్నాయ్ మాట మనకు తెల్లవాళ్ళ కాగితాల మీదుగానే చేరుతుంది. అయినా మక్‌మిలన్‌ను ఆయన రాక్షసుణ్ణి చేయలేదు. భక్తుడు, కష్టజీవి, ఇంటి మీద బెంగ వున్నవాడు. అందుకే భయం వేస్తుంది.

ఇప్పుడు మన సంగతి. అచ్చం మన కథే అన్న మాట ఒకచోట తెగుతుంది. గేలిక్ రైతుకు తిరిగి పోవడానికి పొయ్యి మిగలలేదు. మన పెద్దలు కరువూ అప్పూ తరిమితే, ఏజెంటు మాట నమ్మి అయిదేళ్ళకు వేలిముద్ర వేశారు. వెనక్కి పోయినవాళ్ళూ వున్నారు. మరొకచోట అది మనం అనుకోని వైపు కలుస్తుంది. ఫీజీకి 1875లో గవర్నరుగా వచ్చిన సర్ ఆర్థర్ గోర్డన్, అంతకుముందు ట్రినిడాడ్, మారిషస్ ఏలినవాడు. ఫీజీవాళ్ళ నేల అమ్మకాలు ఆపి, వాళ్ళను తోటల్లోకి ఈడ్వకుండా, 1879 నుంచి కూలీలను ఇండియా నుంచి తెప్పించాడు. వాళ్ళు కదలకుండా వుండడానికి మనలను కదిలించారు. 1903 నుంచి మద్రాసు ఓడలలో మనవాళ్ళూ చేరారు. అందువల్ల ఫీజీలో మనం దున్నింది చాలావరకు కౌలు నేల. ఆ కౌలు గడువులు 1997 నుంచి తీరుతూ రాగా, చెరకు చేలూ ఇళ్ళూ వదిలి పోయిన కుటుంబాలు వున్నాయి. 1987 కుట్రల తర్వాత చాలామంది ఈ దేశం చేరారు. ఆ దుఃఖం నిజం. దాన్ని రాయాలి కూడా. కాని రాసినప్పుడల్లా మనం ఆ ముసలమ్మ పక్కనే నిలబడుతున్నాము, మక్‌మిలన్ పక్కన ఒక్కసారీ కాదు. మనం ఎవరినీ కాల్చలేదు, సరే. ఈ ఆస్ట్రేలియా నేల కాగితాల మీద మన పేర్లు ఎక్కేముందు ఎవరి పేరు వుండాల్సిందో మన పత్రికలో ఒక్క వ్యాసం రాలేదు.

మా కూటమిలో ఒకరి ఇంట్లో తాతగారి కౌలు కాగితం ఇంకా వుంది. అటూ ఇటూ చెదలు కొట్టింది. తాతగారి తెలుగు పేరును గుమాస్తా వంకరగా రాశాడని మేమందరం నవ్వుకున్నాము. దాని పైన నేల ఎవరిదో, ఆ మతంగాలి పేరు, అంటే అక్కడి వంశం పేరు, వుంది. దాన్ని ఎలా పలకాలో మాలో ఎవరికీ తెలియలేదు.