తాత పాట ఎందుకు ఆగింది?

మన గూడేల్లో ఛోటా భీమ్ తెలియని పిల్లలు తక్కువ. హైదరాబాద్‌లోని గ్రీన్ గోల్డ్ సంస్థ తయారు చేసిన ఈ బొమ్మల సీరియల్ 2008లో పోగో చానల్‌లో మొదలైంది. తర్వాత సినిమాలుగా వచ్చింది, ఫోనులో ఆటలుగా వచ్చింది. లడ్డూ తిని బలం తెచ్చుకునే భీమ్‌ను, అతని ఢోలక్‌పూర్‌ను మన పిల్లలు సొంత ఊరిలా గుర్తుపడతారు. కానీ వాళ్లు చూసే తెరల మీద వాళ్ల మాట, వాళ్ల తాత, వాళ్ల గూడెం కనిపించవు. బొమ్మల సినిమాల్లో అడవి మనిషి వచ్చినా చాలాసార్లు ఆకులు చుట్టుకుని, ఈటె పట్టుకుని అరిచేవాడే. నవ్వడానికో భయపడడానికో తప్ప అతను ఎందుకూ పనికిరాడు.

అందుకే 'మాలీ ఆఫ్ డెనాలీ' అనే సీరియల్ గురించి ఇక్కడ రాస్తున్నాం. ఇది 2019 జూలైలో అమెరికాలో పీబీఎస్ కిడ్స్‌లో మొదలైంది. మాలీ అలాస్కా ఆదివాసీ పిల్ల, వయసు పదేళ్లు. ఆ దేశమంతటా ప్రసారమైన పిల్లల సీరియళ్లలో ఆదివాసీ పిల్ల ప్రధాన పాత్ర కావడం ఇదే మొదటిసారి. టీవీతో పాటు వెబ్‌సైట్‌లో ఆటలు పెట్టారు, వినడానికి పాడ్‌కాస్ట్ చేశారు. కథలు రాయడంలో, సలహాలివ్వడంలో అలాస్కా ఆదివాసులే పాలుపంచుకున్నారు.

నాలుగు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు సమాచారం చదవడం, వాడుకోవడం నేర్పడం దీని ఉద్దేశం. మాలీ పటం చూస్తుంది, పుస్తకం తిప్పుతుంది, ఇంటర్నెట్‌లో వెతుకుతుంది, ఊరి పెద్దల్ని అడుగుతుంది. పెద్దల నోట ఉన్న విషయాన్ని కూడా పుస్తకంతో సమానమైన సమాచారంగా చూపడం మాకు బాగా నచ్చింది. ఏ ఆకు ఏ జబ్బుకో చెప్పే అవ్వను మన బడుల్లో ఎవరు పాఠంగా లెక్కపెట్టారు?

మొదటి కథ పేరు 'తాత డోలు'. పాత ఫోటోలో చిన్నప్పటి తాత డోలు పట్టుకుని పాడుతుంటాడు. ఇప్పుడెందుకు పాడడో మాలీకి అర్థం కాదు. చిన్నప్పుడు చేరిన బడిలో ఆదివాసీ పిల్లల్ని తమ పాటలు పాడనివ్వలేదు. తాత డోలును నేస్తానికి ఇచ్చేశాడు, పాట ఆపేశాడు. మాలీ ఆ నేస్తం ఎవరో వెతికి పట్టుకుంటుంది. చివరికి తాత మళ్లీ పాడతాడు.

ఈ కథకు లోటు కూడా ఉంది. పసిపిల్లల కోసమని ఆ బడి సంగతి రెండు మాటల్లో ముగించారు. డోలు దొరికితే పాట తిరిగొస్తుందన్నట్టు, పావుగంట కూడా గడవకుండానే కథ సుఖాంతమైంది. తరాల తరబడి పోయినది అంత తేలికగా రాదు. పైగా సీరియల్ నడిచేది ఇంగ్లీషులోనే. ఆదివాసీ భాష పలకరింపులకు, కృతజ్ఞతలకు, కొన్ని పేర్లకు పరిమితమైంది. ముఖం మనదై, నోరు మరొకరిదైతే సగం గెలుపే.

అయినా ఈ కథ మమ్మల్ని వదల్లేదు. మొదటిసారి చూసినప్పుడు మేము తాత పక్షాన నిలబడ్డాం. మరోసారి చూశాక, ఇందులో మేమెవరం అని ప్రశ్నించుకున్నాం. మేము మాలీ కాదు, తాత కాదు. మేము ఆ బడి. ఆశ్రమ పాఠశాలలో కోయలో బదులిచ్చిన పిల్లవాణ్ని "తెలుగులో చెప్పరా" అని ఆపినవాళ్లం మేమే. మా నోటా అదే మాతృభాష, మా చేతిలోనూ బెత్తం ఉండేది. పిల్లలు ముందుకు రావాలనే అలా చేశాం. తాత చేరిన బడివాళ్లూ ఆ మాటే చెప్పుకుని ఉంటారు.

ఉమ్మడి రాష్ట్రంలో కోయ, గోండి, కొలామీ, సవర, కువి వంటి ఎనిమిది భాషల్లో ప్రాథమిక తరగతులకు వాచకాలు వచ్చాయి. అక్షరం లేదన్న సాకు కూడా తగ్గుతోంది. గుంజాల గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. పోతున్నది మనుషులు. సమ్మక్క సారలమ్మల కథను కోయలోనూ తెలుగులోనూ పాడిన కంచుమేళం కళాకారుడు సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కన్నుమూశారు. గుస్సాడీ గురువు కనకరాజు గారు కూడా ఆ ఏడాదే వెళ్లిపోయారు. ప్రతి గూడెంలోనూ పురస్కారం రాని అలాంటి పెద్దలు ఉన్నారు.

మన భాషలో పెద్ద సీరియల్ ఎవరో తీస్తారని కాచుకుని కూర్చోనక్కరలేదు. యువకుల చేతుల్లో ఫోన్లున్నాయి. అవ్వ చెప్పే కథను ఆమె మాటలోనే, ఆమె అనుమతితో రికార్డు చేయండి. పిల్లల చేత బొమ్మలు వేయించండి. ఉపాధ్యాయులు దాన్ని తరగతిలో వినిపించి, దాని మీదే ప్రశ్నలు అడగండి. ఆ ప్రశ్నకు పిల్లవాడు తన భాషలో జవాబు చెబితే ఆపకండి. మేమూ ఇప్పుడు ఆపడం లేదు.