ఇంజన్ ఆపడమే సగం మరమ్మతు

గోదావరిలో పడవను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ఇసుక. వరద తీసిన ప్రతిసారీ మేటలు చోటు మారతాయి. నిరుడు నిండుగా నీళ్లున్న దారిలో ఈ ఏడు మోకాలి లోతే ఉండొచ్చు. పడవ మేటకు తట్టగానే సరంగు జోరు పెంచితే నీటి అడుగున తిరిగే ఫ్యాను ఇసుకను తవ్వి పడవను ఇంకా దిగేస్తుంది. ఇంజన్‌ను చల్లబరిచే నీళ్లతో పాటు ఇసుకా లోపలికి పోయి పంపు పాడవుతుంది. ఇంజన్ ఆపి, మనుషుల్నీ సరుకునూ మేట తగలని వైపుకు జరిపి, వచ్చిన దారినే గెడలతో వెనక్కి నెట్టాలి.

కాలువల్లో బాధ వేరు. ధవళేశ్వరం ఆనకట్ట వచ్చాక 19వ శతాబ్దంలో తవ్విన డెల్టా కాలువలు సాగునీటికీ పడవలకూ కలిపి కట్టినవి. లాకులున్నది అందుకే. లాకులో నీళ్లు దిగుతుంటే కట్టుతాడు వదులు చేస్తూ ఉండాలి, లేకపోతే పడవ తాడుకు వేలాడి ఒరుగుతుంది. సరుకు పడవలు దాదాపు పోయిన ఈ కాలువల్లో ఇప్పుడు గుర్రపుడెక్కదే రాజ్యం. దానికి తోడు తెగిన వలలు, పాత చీరలు ఫ్యానుకు చుట్టుకుంటాయి. ముందుకూ వెనక్కూ తిప్పి వదిలించబోతే నైలాను వేడికి కరిగి ఇరుసుకు అతుక్కుంటుంది. ఇంజన్ కట్టేసి కత్తితో పోగుపోగుగా కోయడం ఒక్కటే దారి.

చాలా చిన్న మోటార్లలో ఫ్యానును ఇరుసుకు పట్టి ఉంచే సన్నటి పిన్ను ఒకటి ఉంటుంది. దెబ్బ తగిలితే ముందు అదే విరిగేలా మెత్తటి లోహంతో చేస్తారు. దాని బదులు ఉక్కు మేకు దిగ్గొడితే తర్వాతి దెబ్బ గేర్లకు తగులుతుంది. రెండు పిన్నులు అదనంగా వెంట ఉండాల్సిందే.

చెక్క పడవకు పలకల సందు విడితే గుడ్డ కుక్కి, పైన చెక్కముక్క కొట్టి రేవు దాకా రావచ్చు. అసలు పని గట్టు మీదే. పడవను ఒడ్డుకు లాగి, ఆరనిచ్చి, సందుల్లోని పాత నార గీకేసి, కొత్త పత్తి దిగ్గొట్టి, నూనెలో కాచిన గుగ్గిలం పూస్తారు. తడి మీద గుగ్గిలం పట్టదు. పత్తి మరీ బిగించి కూరితే చెక్క ఉబ్బినప్పుడు పలకలు మేకుల్నే లాగేస్తాయి. ఈ బిగువు చేతికి తెలియాలి, పుస్తకంలో దొరకదు. వేసవిలో కాలువలు కట్టేస్తే గట్టెక్కిన పడవ ఎండి సందులు తెరుచుకుంటాయి. నీళ్లు వదిలాక ఒకటి రెండు రోజులు నాననిస్తే చెక్క ఉబ్బి చాలావరకు వాటంతట అవే మూసుకుంటాయి. నీళ్లు వదిలిన రోజే సరుకెత్తడం కోరి ముంపు తెచ్చుకోవడమే.

వరద గోదావరి మధ్యలో మాత్రం ఈ పనితనమేదీ అక్కరకు రాదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర మునిగి, ఎందరినో పొట్టన పెట్టుకున్న పర్యాటక లాంచీని, మునిగిన పడవలు వెలికితీసే ధర్మాడి సత్యం బృందం లంగర్లు, ఇనుప తాళ్లతో వెతికి పట్టి అక్టోబరు 22న గానీ బయటికి తీయలేకపోయింది. పడవెక్కగానే లైఫ్ జాకెట్ బిగించి కట్టుకోండి. గట్టు దిగేదాకా విప్పకండి.