కొత్త రికార్డు సంఖ్య: ఒక బోధనాపద్ధతిపై విమర్శ

వెబ్ ప్రోగ్రామింగు నేర్పు పాఠములలో ఒక పద్ధతి తరచుగా కనిపించుచుండును. డేటాబేసు పట్టికలో కొత్త రికార్డును చేర్చిన పిదప, యంత్రము దానికిచ్చిన గుర్తింపు సంఖ్యను తెలిసికొనవలెను. అందుకు “పట్టికలో అతి పెద్ద సంఖ్య ఏది?” అని అడుగుమని ఆ పాఠములు చెప్పును. చివర చేరినదే పెద్దది గదా అను తర్కము వినుటకు సొంపుగానే ఉండును. కాని అందులో పెద్ద లోపమున్నది.

తెలంగాణలో 2020లో ధరణి పోర్టలు వచ్చినప్పుడు వ్యవసాయ భూముల రిజిస్ట్రేషను పని తహసీల్దారు కార్యాలయములకు వచ్చినది. 2025 ఏప్రిల్‌లో ధరణి స్థానమున భూభారతి వచ్చినది. పలు మండలములవారు ఏకకాలమున పనిచేయు ఇట్టి వ్యవస్థకు ఉదాహరణగా ఒక ఊహాపట్టికను తీసికొనవచ్చును. ఆ పోర్టళ్ల లోపలి నిర్మాణముతో దీనికి సంబంధము లేదు.

చేవెళ్లలో ఒక రైతు విక్రయ దస్తావేజు నమోదైనది. యంత్రము దానికి 4101 సంఖ్య నిచ్చినది. ప్రోగ్రాము ఆ సంఖ్యను అడుగులోగానే మొయినాబాదులో ఒక తండ్రి కుమార్తెకు వ్రాసిన దానపత్రము 4102గా చేరినది. ఇప్పుడు చేవెళ్ల ప్రోగ్రాము అతి పెద్ద సంఖ్యను అడుగగా 4102 వచ్చును. సర్వే నంబరు, కొనుగోలుదారు పేరు రెండవ పట్టికలో ఆ సంఖ్య క్రిందనే చేరును. చేవెళ్ల పొలము మొయినాబాదు దానపత్రమునకు అంటుకొనును. 4101కి వివరములే ఉండవు. పట్టికల నడుమ సంబంధమును కాపాడు నియమము కూడ దీనిని అడ్డగింపదు. ఏలయన 4102 అను దస్తావేజు నిజముగానే ఉన్నది గదా!

ఒక విద్యార్థి ఒక యంత్రముపై వెయ్యిసార్లు పరీక్షించినను ఈ దోషము బయటపడదు. ఇద్దరు కలిసినప్పుడే అది పుట్టును. పట్టికకు తాళము వేసి, ఒకరి పని ముగిసినదాక మిగిలినవారిని ఆపవచ్చును గాని, అప్పుడు ఒక్కరి కొరకు అందరును వేచియుండవలసి వచ్చును.

అసలు తప్పు ప్రశ్నలోనే ఉన్నది. రిజిస్టర్డు ఉత్తరమిచ్చినవాడు తపాలా పుస్తకములోని చివరి వరుసను చూడడు. గుమాస్తా తన చేతికిచ్చిన రసీదునే చూచుకొనును. మైఎస్‌క్యూఎల్‌లోని ‘లాస్ట్ ఇన్సర్ట్ ఐడీ’ అట్టి రసీదు. ఏ అనుసంధానము ద్వారా రికార్డు చేరినదో, ఆ అనుసంధానమునకు పుట్టిన సంఖ్యనే అది చెప్పును. మొయినాబాదులో ఎన్ని చేరినను చేవెళ్లకు 4101 మాత్రమే వచ్చును. అయితే అడుగునది కూడ అదే అనుసంధానము ద్వారా కావలెను.

ఇందులోను జాగ్రత్త అవసరమే. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ‘ఐడెంటిటీ’ అను చలము ఆ అనుసంధానమున చివర పుట్టిన సంఖ్యను చెప్పును. కొత్త రికార్డు చేరగానే ట్రిగ్గరు మరియొక తనిఖీ పట్టికలో ఒక వరుసను చేర్చినచో, ఆ తనిఖీ సంఖ్యయే చేతికి వచ్చును. అందుకే ‘స్కోప్ ఐడెంటిటీ’ మేలు. పోస్ట్‌గ్రెస్‌లో 2006 నుండి ఉన్న ‘రిటర్నింగ్’ వీటన్నిటికంటె సరళము. రికార్డును చేర్చు ఆజ్ఞయే సంఖ్యను కూడ తెచ్చియిచ్చును.

ఉపాధ్యాయులు మరియొక సంగతి చెప్పవలెను. ఈ సంఖ్యలు గుర్తింపునకే గాని లెక్కకు కావు. ఒక నమోదు మధ్యలో రద్దయినచో దాని సంఖ్య సాధారణముగా తిరిగి వాడబడదు. వరుసలో ఖాళీ మిగులును. అది లోపము కాదు.

తరగతిలో రెండు కంప్యూటర్లను ఒకే డేటాబేసుకు కలిపి, చేర్చుటకును అడుగుటకును నడుమ పది సెకనులు ఆగునట్లు ప్రోగ్రాము వ్రాయించిన చాలును. ఆ వ్యవధిలో రెండవ విద్యార్థి ఒక రికార్డును చేర్చినచో, మొదటివానికి వచ్చు సంఖ్య ఎవరిదో తరగతి అంతయు కన్నులార చూడగలుగును.