సూది, దారం, స్వదేశం: పాలస్తీనా తత్రీజ్ కళపై ఒక విమర్శ

చేతిపనిని రాజకీయ సాధనంగా వాడుకోవడం గురించి సాధారణంగా రెండు అభిప్రాయాలు వినిపిస్తూ ఉంటాయి. అణచివేతకు గురైన ప్రజల చేతిలో సూది కూడా ఆయుధమేనని కొందరు పొగుడుతారు. ట్యాంకుల ముందు కుట్టుపని ఏపాటిదని మరికొందరు తీసిపారవేస్తారు. రెండు మాటలూ తొందరపాటువే. చేతితో చేసినంత మాత్రాన ఏ వస్తువుకూ రాజకీయ విలువ రాదు. అది ఎవరి చేత, ఏ పరిస్థితిలో, ఎవరి కోసం తయారైనదన్న దానిని బట్టి ఆ విలువ తేలుతుంది. ఈ సంగతిని పరీక్షించి చూడడానికి పాలస్తీనా స్త్రీల కుట్టుపని అయిన తత్రీజ్‌ను మించిన ఉదాహరణ దొరకడం కష్టం.

1948కి పూర్వం తత్రీజ్‌లో ఉద్యమం లేదు. అది ఫల్లాహీన్, అంటే సేద్యగాళ్ల, ఇళ్లలోని పని. తల్లి కూతురికి నేర్పేది. కూతురు తన పెళ్లి నాటికి పొడవాటి థోబ్‌లు కుట్టి సిద్ధం చేసుకునేది. రెండు కుట్లు ఒకదానినొకటి అడ్డంగా దాటే క్రాస్ కుట్టు దీనికి ప్రధానం. సరుగుడు వంటి సర్వ్ చెట్టు, చంద్రుడు, తాయెత్తు, పాషా గుడారం మొదలైన నమూనాలు ఛాతీ భాగాన, అంచుల మీద నిండి ఉండేవి. రామల్లా ప్రాంతంలో తెల్లని నారబట్ట మీద ఎర్ర దారపు పని ప్రసిద్ధి. బెత్లెహేములో పట్టు, జరీ పోగులను బట్ట మీద పరచి కుట్టేవారు. మజ్దల్ పట్టణపు నేతగాళ్లు నేసిన బట్టకు గాజా పరిసరాల్లో గిరాకీ ఉండేది. దుస్తులను చూసి ఆమె ఏ ఊరి ఆడపడుచో చెప్పగలిగేవారు. కళ స్వచ్ఛమైన దేశవాళీదని అనుకోవడానికి కూడా వీలులేదు. 1930ల నాటికే ఫ్రాన్సు మిల్లు దారం అక్కడి బజార్లకు వచ్చింది, స్త్రీలు దానితోనే కుట్టారు. దారం పరాయిదైనా చేయి, చూపు, నమూనా వారివి.

1948 నక్బా ఈ అర్థాన్నంతటినీ మార్చివేసింది. ఏడు లక్షల మందికి పైగా ప్రజలు నిర్వాసితులైనారు, నాలుగు వందలకు పైగా గ్రామాలు ఖాళీ అయినవి. మజ్దల్‌లో మిగిలిన వారిని కూడా 1950లో గాజాకు తరలించివేశారు. ఊరు పోయిన తరువాత ఊరి గుర్తు దుస్తుల మీదనే మిగిలింది. కాని ఆకలి గుర్తులను లెక్కచేయదు. శిబిరాలలో ఎందరో స్త్రీలు తమ పెళ్లి థోబ్‌లను అమ్ముకున్నారు, ఇతరుల కోసం కూలికి కుట్టారు. ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ 1950లో గాజాలో సులాఫా కుట్టుపని పథకాన్ని ప్రారంభించింది. 1965లో సమీహా ఖలీల్ అల్-బీరా పట్టణంలో ఇన్ఆష్ అల్-ఉస్రా సంఘాన్ని స్థాపించి, పేద కుటుంబాల స్త్రీలకు ఈ పని ద్వారా జీవనాధారం చూపారు. 1996 ఎన్నికలలో అధ్యక్ష పదవికి యాసిర్ అరఫాత్‌పై పోటీ చేసిన ఏకైక వ్యక్తి కూడా ఆమెయే. కుట్టుపని నుండి రాజకీయానికి దారి ఉన్నదనడానికి ఆమె జీవితమే ఒక నిదర్శనం. అయితే ఆ దారి నమూనాల గుండా కాక, స్త్రీల కూలి, చదువు, స్వయంపోషణల గుండా సాగినదని గమనించవలసి ఉన్నది.

1967 యుద్ధం తరువాత ఆక్రమిత ప్రాంతాలలో పాలస్తీనా జెండాను ఎగురవేయడం నేరమైంది. 1987లో మొదటి ఇంతిఫాదా ఆరంభమైనప్పుడు గ్రామాల స్త్రీలు జెండాను థోబ్ మీదికి ఎక్కించారు. సర్వ్ చెట్ల స్థానంలో ఎరుపు, ఆకుపచ్చ, తెలుపు, నలుపు రంగుల జెండాలు, పాలస్తీనా పటం, ఖుబ్బతుస్సఖ్రా గుమ్మటం, తుపాకులు, ‘ఫలస్తీన్’ అన్న అక్షరాలు వెలిశాయి. చేతిలోని జెండాను సైనికుడు లాక్కోగలడు. ఒంటి మీది దుస్తులను లాక్కోవడానికి అతడు సైతం వెనుకాడవలసి వస్తుంది.

కళగా చూస్తే ఈ ఇంతిఫాదా థోబ్‌లు పాత వాటి కంటె బీదవి. పాత పనిలోని ఊరి ఊరి భేదం వీటిలో చెరిగిపోయింది. సూచనగా ఉండవలసినది ప్రకటనగా మారింది. ఈ విమర్శ నిజమే, కాని పూర్తి నిజం కాదు. వీటిని కుట్టిన చేయి, ధరించిన ఒళ్లు, ఆపదను ఎదుర్కొన్న ప్రాణం ఒక్కటే. అమ్మకానికి కాక తొడుక్కోవడానికి కుట్టినవి అవి. పనితనంలో తగ్గిన ఈ థోబ్ సత్యంలో తగ్గలేదు. తత్రీజ్ చరిత్ర మొత్తంలో చేతిపని నిజంగా రాజకీయ కార్యమైన ఘట్టం ఇదేనని చెప్పవలసి ఉంటుంది.

అదే కాలపు చిత్రకారుల సంగతి వేరు. సులైమాన్ మన్సూర్ మొదలైనవారి చిత్రాలలో థోబ్ ధరించిన స్త్రీ మాతృభూమికి ప్రతీకగా నిలిచింది. ఆ చిత్రాలు ప్రజలకు ధైర్యమిచ్చాయి. అయినా వాటిలోని స్త్రీ కుట్టదు, కూలి అడగదు. గంభీరంగా నిలబడి ఉంటుంది. ప్రతీక అయిన కొద్దీ ఆమె మౌనం పెరిగింది. ఆ తరువాత మన్సూర్, వెరా తమారీ, నబీల్ అనానీ, తైసీర్ బరకాత్ ‘కొత్త దృక్పథాలు’ అన్న పేరుతో ఒక బృందంగా ఏర్పడి, ఇజ్రాయేలు సరుకును బహిష్కరించి మట్టి, తోలు, గోరింట వంటి స్థానిక పదార్థాలతో పనిచేశారు. ఇక్కడ బొమ్మ కంటె పదార్థమే మాట్లాడింది. ప్రతీక నుండి ఆచరణకు దిగినందువల్ల ఈ పని మరింత బలమైనది.

నేడు తత్రీజ్ ప్రపంచమంతటా గౌరవం పొందుతున్నది. 2019 జనవరిలో రషీదా తలైబ్ అమెరికా ప్రతినిధుల సభలో థోబ్ ధరించి ప్రమాణం చేశారు. 2021 డిసెంబరులో యునెస్కో తత్రీజ్‌ను మానవాళి వారసత్వాల జాబితాలో చేర్చింది. అదే నెలలో ఇజ్రాయేలులో జరిగిన విశ్వసుందరి పోటీకి వచ్చిన యువతులకు రహాత్ పట్టణంలో అటువంటి కుట్టుపని దుస్తులు తొడిగి, బెదూయీన్ జీవితమంటూ ఫోటోలు తీయించారు. గుర్తు చేతి నుండి విడిపోతే ఎవరైనా దానిని తొడుక్కోవచ్చునని, కుట్టిన జాతి పేరు చెప్పకుండానే మెచ్చుకోవచ్చునని ఇది తెలుపుతున్నది. బీర్‌జైత్‌లోని పాలస్తీనా మ్యూజియం 2018లో తత్రీజ్‌పై జరిపిన ప్రదర్శన శ్రమ, కూలి, వర్గం అన్న ప్రశ్నలను కూడా ముందుకు తెచ్చింది. అందాన్ని మాత్రమే చూపే ప్రదర్శనల కంటె ఇది మేలైన మార్గం.

ఈ ప్రమాదం భారతదేశానికి కొత్త కాదు. 1921లో బెజవాడలో సమావేశమైన అఖిల భారత కాంగ్రెసు కమిటీ ఇరవై లక్షల రాట్నాలు తిప్పించాలని తీర్మానించింది. ఖిలాఫత్ ఉద్యమంతో ఖద్దరు ముస్లిముల ఇళ్లలోకి వెళ్లింది. అలీ సోదరుల తల్లి బీ అమ్మాన్ వృద్ధాప్యంలో ఊరూరా తిరిగి ఖద్దరును బోధించారు. ఆ సెప్టెంబరులోనే మౌలానా ముహమ్మద్ అలీ వాల్తేరు స్టేషనులో అరెస్టయినారు. ఆనాడు ఖద్దరు ధరించడమంటే జైలుకు సిద్ధపడడం. తరువాత అదే ఖద్దరు పదవికి చిహ్నమైనది. చివరకు 2021 డిసెంబరు 30న జాతీయ జెండా నిబంధనలను సవరించి, యంత్రంపై తయారైన పాలియెస్టర్ జెండాలకు కూడా అనుమతి ఇచ్చారు. బట్ట మిగిలింది, దాని వెనుక ఉన్న ప్రతిజ్ఞ జారిపోయింది.

ఇస్లామీయ దృష్టిలో చేతిపనికి గొప్ప స్థానమున్నది. తన చేతి కష్టంతో సంపాదించిన దానికంటె శ్రేష్ఠమైన ఆహారం లేదని, హజ్రత్ దావూద్ (అ) తన చేతి పని మీదనే జీవించేవారని దైవప్రవక్త (స) తెలియజేసినట్లు సహీహ్ బుఖారీలో ఉన్నది. సూరా సబాలో దావూద్ (అ)కు కవచాల కడియాలను సరైన కొలతతో కూర్చవలసిందని చెప్పిన వెంటనే, సత్కార్యాలు చేయవలసిందన్న ఆదేశం కూడా వచ్చింది. పని కొలతలో ఖచ్చితత్వం, పనివాని నడతలో న్యాయం అక్కడ వేరు కాలేదు. అందుచేత తత్రీజ్‌ను కొనేవారు, ప్రదర్శించేవారు, పొగిడేవారు మొదట అడగవలసిన ప్రశ్న నమూనా ఏ ఊరిదన్నది కాదు. కుట్టిన స్త్రీకి న్యాయమైన కూలి ముట్టినదా, ఆమె పేరు పనితోపాటు వచ్చినదా అన్నదే ఆ ప్రశ్న.

2023 అక్టోబరు తరువాత గాజాలో ఇళ్లు, మ్యూజియంలు నేలమట్టమైనవి. రఫా మ్యూజియం వాటిలో ఒకటి. ఎన్ని ఇళ్లలోని పెట్టెలలో ఎన్ని తరాల థోబ్‌లు ఆ శిథిలాల కింద ఉండిపోయాయో లెక్కపెట్టగలవారు లేరు. అద్దాల పెట్టెలో భద్రంగా ఉన్న కుట్టు ఆ నష్టాన్ని పూడ్చలేదు. కుట్టే చేయి బ్రతికి ఉండాలి, తరువాతి చేతికి నేర్పగలగాలి.

సూరా నహ్ల్‌లో, గట్టిగా వడికిన నూలును తానే తిరిగి పోగులు పోగులుగా తెంపివేసిన స్త్రీ ఉపమానం వస్తుంది. ప్రతిజ్ఞ చేసి భంగపరచేవారికి అది హెచ్చరిక. పాలస్తీనా స్త్రీలు తమ నూలును తెంపలేదు. వారి కుట్టును భుజాన వేసుకుని సంఘీభావం ప్రకటించి, అంతటితో తమ బాధ్యత తీరినదని భావించేవారికే ఆ హెచ్చరిక ఎక్కువగా వర్తిస్తుంది.