సాక్షి స్థానంలో నిపుణుడు, బ్యాలెట్ మీద రైతు

ఒక ప్రభుత్వ సంస్థ ఏం చేయాలో, ఎలా చేయాలో నిర్ణయించేటప్పుడు దాని సేవలు వాడుకునేవాళ్లను, అందులో చెమటోడ్చేవాళ్లను ఎక్కడ కూర్చోబెట్టాలి? తెలంగాణ పల్లెలు ఈ ప్రశ్నను పద్దెనిమిదేళ్ల తేడాతో రెండు సార్లు, రెండు పూర్తి భిన్నమైన పద్ధతుల్లో ఎదుర్కొన్నాయి. 2001లో జహీరాబాద్ దగ్గరి అల్గోల్‌లో జరిగిన ‘ప్రజాతీర్పు’ మొదటిది. 2019లో నిజామాబాద్ లోక్‌సభ స్థానానికి పసుపు రైతులు వేసిన నామినేషన్లు రెండోది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడడానికి ఏర్గట్ల సరైన చోటు. ఇది నిజామాబాద్ జిల్లాలో పసుపు పండే ఊరు, 2016లో మండల కేంద్రమైంది. పక్కనే ఉన్న కమ్మర్‌పల్లిలో పసుపు పరిశోధన స్థానం ఉంది. జిల్లా కేంద్రంలో ఇప్పుడు జాతీయ పసుపు బోర్డు కార్యాలయం ఉంది. పండించేవాడూ, పరిశోధించేవాడూ, పాలించేవాడూ ఒకే జిల్లాలో ఉన్నారు. ఎవరు ఎవరిని అడుగుతున్నారన్నదే తేలాలి.

అల్గోల్ సంగతి ముందు చెప్పుకోవాలి. అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మెకిన్సీ సంస్థ సాయంతో ‘విజన్ 2020’ పత్రం తయారు చేసింది. వ్యవసాయం మీద బతికేవాళ్లను డెబ్బై శాతం నుంచి నలభై శాతానికి తగ్గించడం అందులో ఒక లక్ష్యం. అంటే కోట్ల మంది పొలం వదలాలి. ఆ మాటను ఆ కోట్ల మందిలో ఎవరినీ అడిగి రాయలేదు. 2001 జూన్ చివర్లో అల్గోల్‌లో పంతొమ్మిది మంది జ్యూరీగా కూర్చున్నారు. దాదాపు అందరూ చిన్న, సన్నకారు రైతులు. వాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. వాళ్ల ముందు మూడు భవిష్యత్తులు పెట్టారు: విజన్ 2020 చూపిన దారి, ఎగుమతి కోసం చేసే సేంద్రియ సాగు, ఊరి వనరుల మీద ఊరికే పట్టుండే స్వావలంబన సాగు. అధికారులు, శాస్త్రవేత్తలు, కంపెనీల వాళ్లు, స్వచ్ఛంద సంస్థల వాళ్లు సాక్షులుగా వచ్చారు. జ్యూరీ అడిగింది, వాళ్లు జవాబు చెప్పారు. చివరికి జ్యూరీ జన్యుమార్పిడి పంటలను వద్దంది, పొలం పనిలో మనిషిని పక్కకు నెట్టే యంత్రాలను వద్దంది, నేల మీదా విత్తనం మీదా తమ పట్టు తమకే కావాలంది.

తీర్పు కన్నా నాకు విలువైనదిగా కనిపించేది ఆ కూర్చున్న తీరు. మన ఊళ్లలో శాస్త్రవేత్త వస్తే రైతు వినాలి, మహా అయితే చివర్లో ఒక సందేహం అడగాలి. ‘రైతు అవగాహన సదస్సు’ అని బ్యానర్ కట్టడంలోనే అవగాహన లేనివాడు ఎవరో ముందే తేల్చేస్తాం. అల్గోల్‌లో ఆ వరస తిరగబడింది. తెలిసినవాడు సాక్షి అయ్యాడు, బతుకుతున్నవాడు న్యాయనిర్ణేత అయ్యాడు.

అయితే ఆ తీర్పును అమలు చేయాల్సిన బాధ్యత ఎవరి మీదా లేదు. విజన్‌కు వెనక నిలిచిన బ్రిటన్ సహాయ సంస్థ వైపు నుంచి అభ్యంతరాలు వచ్చాయి. పంతొమ్మిది మంది రాష్ట్రమంతటికీ ఎలా ప్రతినిధులవుతారన్న వాదం లేచింది. ఆ వాదంలో కొంత బలం ఉందని ఒప్పుకుంటాను. కానీ విజన్ పత్రం రాసినవాళ్లు ఎంత మందికి ప్రతినిధులో ఎవరూ అంత పట్టుదలగా అడగలేదు.

ఇక నిజామాబాద్. ఇక్కడ ఎవరూ ఎవరినీ పిలిచి కూర్చోబెట్టలేదు. 2019 ఫిబ్రవరిలో పసుపు, ఎర్రజొన్న రైతులు ఆర్మూరు ప్రాంతంలో రోడ్డెక్కారు. పసుపుకు క్వింటాలుకు 15,000 రూపాయలు, ఎర్రజొన్నకు 3,500 కావాలన్నారు. కేంద్రం మద్దతు ధర ప్రకటించే పంటల జాబితాలో పసుపు లేదు, ఇప్పటికీ లేదు. ఆ ఏప్రిల్ ఎన్నికల్లో 178 మంది రైతులు అభ్యర్థులుగా నిలబడ్డారు. మొత్తం అభ్యర్థులు 185 మంది కావడంతో ఒక్కో పోలింగ్ కేంద్రంలో పన్నెండు బ్యాలెట్ యూనిట్లు పెట్టాల్సి వచ్చింది. 1996లో ఫ్లోరైడ్ నీళ్ల బాధ చెప్పడానికి నల్లగొండలో 480 మంది పోటీలో నిలిచిన దారే ఇది. పసుపు రైతులు గెలుద్దామని నిలబడలేదు. తమ పేర్లతో యంత్రాన్ని నింపి దేశం చూపు ఇటు తిప్పారు. సిటింగ్ ఎంపీ ఓడిపోయారు, రైతులు అడుగుతున్న పసుపు బోర్డు తెస్తానని బాండు పేపరు రాసిచ్చిన అభ్యర్థి గెలిచారు. 2020లో స్పైసెస్ బోర్డు ప్రాంతీయ కార్యాలయం వచ్చింది. అది చాలదని రైతులు పట్టువిడవలేదు. 2023 అక్టోబరులో కేంద్రం జాతీయ పసుపు బోర్డును ప్రకటించింది. 2025 సంక్రాంతి నాడు, జనవరి 14న, అది మొదలైంది. అదే ఏడాది జూన్ 29న నిజామాబాద్‌లో ప్రధాన కార్యాలయం తెరిచారు. మొదటి చైర్మన్ ఈ జిల్లాకే చెందిన పల్లె గంగారెడ్డి.

అల్గోల్‌కు దొరకనిది నిజామాబాద్‌కు దొరికింది. ఇక్కడ ప్రభుత్వం జవాబు చెప్పక తప్పలేదు. అల్గోల్‌లో ఉన్నది మాత్రం ఇక్కడ లేకుండా పోయింది. బ్యాలెట్ మీద రైతు పేరు ఉంటుంది, అతనికి తెలిసిన విషయం ఉండదు. నామినేషన్ పత్రంలో దుంప కుళ్లు గురించి రాసే గడి లేదు. అందుకే ఉద్యమం ఇంత పెద్దదైనా బయటికి చేరినవి రెండే మాటలు: బోర్డు, ధర. బోర్డు వచ్చింది, మద్దతు ధర రాలేదు. బోర్డు ఏం పరిశోధించాలి, ఎవరి లెక్కలు నమ్మాలి అన్న విషయం చర్చకే రాలేదు.

పసుపు విషయంలో ఈ లోటు చిన్నది కాదు. దుగ్గిరాల, మైదుకూరు, టేకూరుపేట, ఆర్మూరు: ఈ ఊర్ల పేర్లే పసుపు రకాల పేర్లు. ఆ ఊర్ల రైతులు తరతరాలుగా విత్తనపు కొమ్ము ఏరి, దాచి, మళ్లీ నాటి నిలబెట్టిన రకాలవి. మొక్కజొన్నను అంతర పంటగా వేస్తే ఏ నేలలో పసుపుకు నీడ మేలు చేస్తుందో, ఎక్కడ దుంప బలాన్ని లాగేస్తుందో ఇక్కడి రైతుకు చేను చేనుకూ తెలుసు. మరోవైపు మార్కెట్ యార్డులో కొమ్ము పొడవు, గట్టిదనం, రంగు, తేమ చూసి ధర కడతారు. ఎగుమతిదారు కర్క్యుమిన్ శాతం అడుగుతాడు, పురుగుమందుల అవశేషాలు చూస్తాడు. ఇలా రెండు కొలతలున్నాయి. కర్క్యుమిన్ ఎక్కువున్న రకం వేస్తే యార్డులో అదనంగా ఒక్క రూపాయైనా వస్తుందా అని రైతు అడిగితే సూటిగా జవాబు చెప్పాల్సిన సంస్థ ఏదీ ఇన్నాళ్లూ లేదు. మంచి ధర కోసం సరుకును మహారాష్ట్రలోని సాంగ్లీ దాకా లారీకెత్తే రైతుకు ఈ ప్రశ్న బాగా తెలుసు. 2030 నాటికి వంద కోట్ల డాలర్ల ఎగుమతి అన్న లక్ష్యాన్ని బోర్డు ముందు పెట్టారు. 2022-23లో ఎగుమతి దాదాపు 20.7 కోట్ల డాలర్లు. ఐదు రెట్ల దూరం నడవాల్సింది చేలో నుంచే. ఆ నడక ఎలాగో చెప్పగలిగినవాళ్లను ముందే అడగడం బోర్డుకే లాభం.

బోర్డు కూర్పు చూస్తే కేంద్ర మంత్రిత్వ శాఖలు, వంతుల వారీగా మూడు రాష్ట్రాల అధికారులు, పరిశోధన సంస్థలు, రైతుల ప్రతినిధులు, ఎగుమతిదారుల ప్రతినిధులు ఉంటారు. రైతుకు చోటు దొరకడం ఆ 178 మంది సాధించిన విజయమే. కూలీకి మాత్రం చోటు లేదు. పసుపులో ఎక్కువ చేతిపని తవ్వకంలో, కొమ్ము విరిచి మండ వేరుచేయడంలో, ఉడకబెట్టడంలో, కళ్లంలో ఆరబెట్టడంలో ఉంది. అందులో చాలా పని ఆడవాళ్ల చేతుల మీదే నడుస్తుంది. ఉడుకు సరిపోయిందో లేదో కొమ్ము నొక్కి చెప్పేది వాళ్లు. ఉడుకు తప్పితే రంగు చెడుతుంది, రంగు చెడితే ధర పడుతుంది. సరుకు నాణ్యతను తేల్చే ఆ ఘడియలో అక్కడున్న మనిషికి బోర్డు కాగితాల్లో పేరు లేకపోవడం నాకు బాధ కలిగిస్తోంది. అల్గోల్ జ్యూరీ ఈ విషయంలో ఎంతో ముందుంది. పొలంలో ఒంగి పనిచేసేవాళ్లనే అది న్యాయనిర్ణేతలను చేసింది.

ఊళ్లోనే గ్రామాభివృద్ధి కమిటీ ఉంది కదా, దాన్నే అడగొచ్చు కదా అని ఆర్మూరు వైపు ఎవరైనా అంటారు. ఈ కమిటీల (వీడీసీల) శక్తి నిజం. చందాలతో, వేలం పాటల డబ్బుతో బడులు, గుళ్లు, రోడ్లు కట్టించాయి. కానీ అవి పంచాయతీరాజ్ చట్టం కింద ఏర్పడినవి కావు. మాట వినని కులాలను వెలివేసిన ఘటనలు ఈ జిల్లాలో పదేపదే వార్తలకెక్కాయి, పోలీసు కేసులయ్యాయి. ఎదురు మాట్లాడితే అంగట్లో ఉప్పు పుట్టని చోట కూలీ మహిళ నోరు తెరిచి లోపం చెప్పదు. పసుపు బోర్డు వీడీసీల ద్వారా ఊరి అభిప్రాయం తెలుసుకోవాలనుకుంటే ఊరిలో ఒక భాగం అభిప్రాయమే దానికి చేరుతుంది.

ఇంతకన్నా మంచి పద్ధతి మన దగ్గరే పుట్టింది. 2006 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ పనులకు సామాజిక తనిఖీ మొదలైంది. కూలీ కుటుంబాల్లో చదువుకున్న పిల్లలే శిక్షణ తీసుకుని మస్టర్లు (హాజరు పట్టికలు) పట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు. ఎన్ని రోజులు పనిచేశావు, ఎంత ముట్టింది అని అడిగి, తేడాలను నలుగురిలో చదివి వినిపించారు. అధికారి అక్కడే జవాబు చెప్పాలి, ఆ జవాబు కాగితం మీదికెక్కాలి. తప్పు తేలిన డబ్బంతా వెనక్కి రాలేదు, అది ఆ పద్ధతి బలహీనత. అయినా అల్గోల్ ప్రశ్నకూ నిజామాబాద్ ఒత్తిడికీ మధ్య తెగిన ముడిని అదే కొంతవరకు కలిపింది. అడిగే హక్కు, జవాబు చెప్పే బాధ్యత రెండూ అందులో చట్టం మీదే నిలిచాయి.

పసుపు బోర్డు ఆ దారి పట్టడానికి పార్లమెంటులో కొత్త చట్టం అక్కర్లేదు. తవ్వకాలు మొదలై కళ్లాలు నిండిన రోజుల్లో ఏర్గట్లలో బహిరంగ విచారణ పెట్టవచ్చు. జ్యూరీలో సగం మంది పసుపు పనిచేసే ఆడవాళ్లు ఉండాలి. కౌలు రైతులూ ఉండాలి. కమ్మర్‌పల్లి శాస్త్రవేత్తలు, యార్డు అధికారులు, ఎగుమతిదారులు సాక్షులుగా రావాలి. అడిగిన ప్రతి ప్రశ్నకూ బోర్డు నెల రోజుల్లో తెలుగులో రాతపూర్వకంగా జవాబివ్వాలి, ఆ జవాబు పంచాయతీ గోడకు అంటించాలి. విచారణ మార్చి దాటకూడదు. అప్పటికి సరుకు చాలావరకు యార్డుకు చేరిపోతుంది, కూలీలు వేరే పనులకు వెళ్లిపోతారు.