ఐదు నిమిషాల పులి

పుట్టినరోజు పార్టీలో రంగుల బల్ల ముందు వరుసకట్టిన పిల్లల్ని ఏం వేయమంటారని అడిగితే, తిరిగి తిరిగి వినిపించేవి నాలుగైదు పేర్లే. పులి, సీతాకోకచిలుక, స్పైడర్‌మ్యాన్, యువరాణి, మహా అయితే ఓ పిల్లి. ఫేస్ పెయింటింగ్ నేర్చుకోవాలనుకునేవారు వందల బొమ్మలు ముందేసుకుని బెంబేలు పడనక్కర్లేదు. ముందు పులి మీద చెయ్యి కుదిరితే చాలు. రంగు పూత, రంగుల కలయిక, లావు సన్నం గీత, చుక్క అన్నీ అందులోనే ఉన్నాయి. పైగా పులి మనకు కొత్త కాదు.

దసరాకూ పీర్ల పండుగకూ డప్పు దరువుకు చిందేసే పులివేషాన్ని చూడని తెలుగు ఊరు తక్కువ. పసుపు ఒళ్లు, నల్ల చారలు, మూతి చుట్టూ తెలుపు. వీధి ఆ చివర నిలబడ్డవాడికి కూడా అది పులేనని తెలిసిపోవాలి. అందుకే గీతలు తక్కువ, ఉన్నవి గట్టిగా ఉంటాయి. నేర్చుకోవాల్సింది ఆ పొదుపు. నేర్చుకోకూడనిది ఆ రంగు. చాలాచోట్ల ఆ వేషాలకు తలుపులకు వేసే ఎనామిల్ పెయింటే వాడేవారు, తర్వాత కిరసనాయిలుతో రుద్ది వదిలించుకునేవారు. పెద్దవాళ్లు కళ కోసం ఓర్చుకున్నారు, పసివాళ్ల చర్మం ఓర్చుకోదు.

తిరుపతి గంగమ్మ జాతర దీనికి భిన్నం. అక్కడ మొక్కు తీర్చుకోవడానికి పిల్లలకూ వేషాలు వేస్తారు. బైరాగి వేషానికి తెల్లటి నామపు సుద్ద, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు, దొర వేషానికి చందనం. వేషానికి ఒక్క రంగే. ఏ వేషమో చెప్పడానికి ఆ ఒక్కటీ సరిపోతుంది. ముఖం మీద పది రంగులు కలగాపులగం చేసే కొత్తవాళ్లు ఒకసారి ఆ జాతర చూసిరావాలి.

ఇక పార్టీలో పులి. నీళ్లతో తడిపి వాడే ఫేస్ పెయింట్ బిళ్లల రూపంలో దొరుకుతుంది. స్పాంజిని తడిపి గట్టిగా పిండాలి. రంగు మీగడ చిక్కదనానికి రావాలి. అంతకన్నా పలచనైతే చెమటకు కారుతుంది, చిక్కనైతే ఎండి పగులుతుంది. ముందు లేత రంగులు వేయాలి. కనుబొమల పైనా మూతి చుట్టూ తెలుపు, ముఖం నడుమ పసుపు, అంచులకు నారింజ. స్పాంజిని రుద్దకూడదు, అద్దాలి. ఒక రంగు తడి ఆరకముందే పక్క రంగును దాని అంచు మీదికి అద్దితే రెండిటి మధ్య గీత కనిపించకుండా కలిసిపోతాయి.

నలుపు జోలికి వెళ్లేది కింది పూత ఆరాకే. చారలు ముఖం అంచు నుంచి ముక్కు వైపుకు రావాలి. గుండ్రటి బ్రష్‌ను అంచు దగ్గర నొక్కిపెట్టి, లోపలికి లాగుతూ మెల్లగా పైకెత్తితే మొదట లావుగా, కొసకు సన్నగా గీత దానంతటదే వస్తుంది. ఈ ఒక్క కదలికకే అసలు సాధనంతా అవసరం. ఇదే పట్టుబడితే సీతాకోకచిలుక రెక్కలూ పూల రేకులూ కూడా వచ్చేసినట్లే. సొంత ముంజేతి మీద రోజూ కాసేపు గీసుకుంటే నేర్చుకోవడానికి వేరే మనిషి అక్కర్లేదు. చివరగా ముక్కు కొసకు నలుపు, మూతి మీద చుక్కలు, మీసాలు.

అనుభవమున్నవాళ్లు ఓ జాగ్రత్త తీసుకుంటారు. ఒక చెంప పూర్తిగా ముగించి రెండోదానికి వెళ్లరు, రెండు వైపులా కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోతారు. కేకు కోస్తున్నారని వినగానే పిల్లాడు లేచి పరుగెత్తినా వాడు పులిగానే పరుగెత్తుతాడు. ఇది తమాషాకు చెప్పిన మాట కాదు. రెండు గంటల పార్టీకి 20 మంది పిల్లలొస్తే తలకు ఆరు నిమిషాలు. స్పాంజి మార్చడానికీ అద్దం చూపించడానికీ పోగా మిగిలేది ఐదే. మే నెల ఎండలో ఆరుబయట పార్టీ అయితే నిండు ముఖం మానేసి, చెంప మీద చిన్న బొమ్మతో సరిపెట్టడం మేలు.

రంగు ఎంపికలో మాత్రం బేరం పనికిరాదు. పోస్టర్ కలర్లు, యాక్రిలిక్‌లు కాగితానికీ కాన్వాసుకూ తయారైనవి. సీసా మీద ‘నాన్ టాక్సిక్’ అని ఉన్నంత మాత్రాన ముఖానికి పూయవచ్చని కాదు. రంగస్థలం మీద ఒకప్పుడు పసుపు ఛాయ కోసం పూసుకున్న అర్దళం ఆర్సెనిక్ ఖనిజం. ఇప్పుడు మన చట్టం కాస్మెటిక్స్‌లో రంగు కోసం సీసం, ఆర్సెనిక్ సమ్మేళనాలు వాడడాన్ని నిషేధించింది. అయినా ఏమరుపాటు తగదు. 2009లో అమెరికాలోని ‘క్యాంపెయిన్ ఫర్ సేఫ్ కాస్మెటిక్స్’ సంస్థ పిల్లల ఫేస్ పెయింట్లు పదింటిని పరీక్ష చేయిస్తే పదింటిలోనూ సీసం కనిపించింది. అందుకే పేరూ ఊరూ లేని రంగుల పెట్టె ఎంత చవకైనా వద్దు. స్నాజరూ, మెహ్రాన్, క్రయోలాన్ లాంటి కంపెనీలు ఈ పనికోసమే రంగులు తయారుచేస్తాయి. మొదట్లో ఆరేడు రంగులు చాలు. మెరుపుల పొడి కావాలంటే చర్మానికి పనికొచ్చే కాస్మెటిక్ గ్లిట్టరే కొనాలి, బడి ప్రాజెక్టులకు వాడేది కంట్లో పడితే గీసుకుపోతుంది.

శుభ్రత సంగతీ అంతే. పిల్లాడికో స్పాంజి. నీళ్లు తరచూ మార్చాలి. కళ్లకలక, జలుబు, ముఖం మీద పుండో దద్దుర్లో ఉన్న పిల్లలకు రంగు వేయకూడదు, తల్లి బతిమాలినా సరే. మూడేళ్లలోపు వాళ్ల ముఖం జోలికి పోకపోవడమే మంచిది. అనుమానముంటే ముందురోజే మోచేతి లోపలివైపు చిన్న చుక్క పెట్టి చూడాలి. భయపడే పిల్లలకు చేతి మీద వేస్తే సరి. ముఖమే కావాలని పట్టుబట్టేది పెద్దవాళ్లు, పిల్లలు కాదు. కడగడానికి సబ్బు, నీళ్లు చాలు. మొండి మరకకు కాస్త కొబ్బరినూనె.

కృష్ణాష్టమి వస్తే బడుల్లో చిన్నికృష్ణులకు తల నుంచి కాలిదాకా నీలం పూసే ఉత్సాహం కనిపిస్తుంది. నుదుట నామం, చెంప మీద నెమలి పింఛం వేసినా కృష్ణుడు కృష్ణుడే. రంగులు వేసేవారిని పార్టీకో వార్షికోత్సవానికో పిలిచేవాళ్లు ఫొటోలు చూసి మురిసిపోయే ముందు, వాళ్లు వాడే రంగు డబ్బా చూపించమని అడగండి. అందులో ఏమేం కలిపారో డబ్బా మీద రాసి లేకపోతే వేరేవాళ్లను చూసుకోండి.