రాతిలో లెక్క: నాగార్జునసాగర్ పనితనం

నాగార్జునసాగర్ చూడబోయినవాళ్ల కళ్లన్నీ గేట్ల మీదే ఉంటాయి. 26 గేట్లూ ఎత్తిన రోజున కృష్ణమ్మ దూకే తీరు అలాంటిది మరి. కానీ ఆ గేట్లను మోస్తున్న రాతికట్టడాన్ని కూడా ఓసారి నింపాదిగా చూడాలి. అసలు పనితనం అందులో ఉంది.

1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసేనాటికి దేశంలో సిమెంటుకూ ఉక్కుకూ కటకట. భారీ యంత్రాలు బయటినుంచి తెప్పించుకునేంత విదేశీ మారకద్రవ్యమూ లేదు. రాయి, రాతిపని తెలిసిన చేతులు మాత్రం దండిగా ఉన్నాయి. కానూరి లక్ష్మణరావు వంటి ఇంజినీర్లు రాతికట్టడం వైపు మొగ్గింది అందుకే. చేతిలో ఉన్నదాన్ని బట్టి డిజైను గీసుకోవడం ఇంజినీరింగులో పెద్ద విద్య. యంత్రాలకు పోవలసిన డబ్బు వేలమందికి కూలిగా అందింది.

ఇలాంటి ఆనకట్ట తన బరువుతోనే నీటిని ఆపుతుంది. లోతు పెరిగేకొద్దీ నీటి ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి అడుగు వెడల్పుగా ఉండి, పైకి పోనుపోను సన్నబడుతుంది. రాయికి దుమ్ముంటే సున్నమైనా సిమెంటైనా పట్టదు, కడిగి పెట్టాలి. అతుకులు ఒకే వరుసలో సాగితే కట్టడం అక్కడే జారుతుంది. అందుకే రాళ్లను ఎగుడుదిగుడుగా, ఒకదానికొకటి తగులుకునేలా పేర్చాలి. సందుల్లో చిన్న రాళ్లు దట్టించి, గాలి బొరియ మిగలకుండా మాలు కూరాలి. ఇంత జాగ్రత్తతో దాదాపు 124 మీటర్ల ఎత్తు, 1,450 మీటర్ల పొడవున రాతి ఆనకట్ట లేచింది. ప్రపంచంలోని అతిపెద్ద రాతి ఆనకట్టల్లో ఇదొకటి.

1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు. కుడివైపు జవహర్ కాలువ గుంటూరు, ప్రకాశం మెట్టభూములకూ, ఎడమవైపు లాల్‌బహదూర్ కాలువ నల్లగొండ, ఖమ్మం, కృష్ణా పొలాలకూ సాగాయి. జొన్న పండిన చేలల్లో వరి నాట్లు పడ్డాయి. పొలానికి వెళ్లే నీటితోనూ కరెంటు తీసేలా రెండు కాలువల మీదా విద్యుత్కేంద్రాలు పెట్టారు. ఆనకట్ట కింది ప్రధాన కేంద్రం సామర్థ్యం సుమారు 816 మెగావాట్లు. అందులో ఎనిమిది యూనిట్లుంటే ఏడింటిని వెనక్కి తిప్పి, వాడిన నీటిని మళ్లీ జలాశయంలోకి ఎక్కించవచ్చు. కరెంటు మిగిలిన వేళ నీటిని పైకి తోడి, గిరాకీ వేళ కిందికి వదలడమన్నమాట. హైదరాబాద్ కుళాయిల్లోకీ ఈ జలాశయం నీరు వస్తోంది.

ఈ మేలుకు మూల్యం కూడా ఉంది. ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. ఇక్ష్వాకుల నాటి విజయపురి లోయ మునిగింది. మునగకముందే తవ్వకాలు జరిపి, దొరికిన శిల్పాలనూ కట్టడాలనూ ఆ లోయలోని కొండమీదికి, ఒడ్డునున్న అనుపుకు తరలించారు.

ఇక్కడ రాళ్లు మోసినవారిలో పాలమూరు కూలీలు ఎందరో. దేశంలో ఎన్నో ఆనకట్టలకు చెమటోడ్చిన చేతులవి. సాగర్ ఆయకట్టు మాత్రం వాళ్ల జిల్లాకు అందలేదు. ఈ ఆనకట్ట గొప్పతనం చెప్పేటప్పుడు ఇంజినీర్ల పేర్ల పక్కన పాలమూరు పేరు కూడా చెప్పాలి. ఆ జిల్లా బీళ్లకు నీరిస్తేనే ఈ పనితనానికి మనం పూర్తి కూలి చెల్లించినట్టు.